కార్డు చూపిస్తే అన్నీ చెప్తాడు, మాతో మాత్రం కలవడు. పేరెంట్ ట్రైనింగ్, ఆర్‌డీఐ ఎవరైనా చేశారా?

బెజవాడమ్మ (విజయవాడ)

అందరికీ నమస్తే. ఇక్కడి పోస్టులు చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. మా బాబుకి నాలుగేళ్లు. రెండున్నరేళ్లప్పుడు ఆటిజం అని చెప్పారు. అప్పటి నుంచి సెంటర్‌లో స్పీచ్ థెరపీ, ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ) నడుస్తున్నాయి. రంగులు, జంతువులు, వంద దాకా అంకెలు అన్నీ వచ్చు. ఫ్లాష్ కార్డు తీయగానే టక్కున చెప్తాడు. కానీ ప్రహరీ మీద కోతి కూర్చుంటే తనే చూసుకుంటాడు తప్ప నన్ను పిలిచి చూపించడు. నేను నవ్వినా, కోప్పడినా వాడికి ఒకటే.

ఈమధ్య ఒక సైకాలజిస్టు మేడమ్ "ట్రైనింగ్ ముందు మీకు కావాలి, బాబుకి తర్వాత" అన్నారు. ఆర్‌డీఐ అనే పేరు చెప్పారు. మా ఆయనేమో "మనమే నేర్పేట్టయితే సెంటర్‌కి ఫీజులెందుకు?" అంటున్నారు. అత్తమ్మ మాట ఇంకోటి, మగపిల్లలకి మాటలు లేటే కదా అని. మాటల సమస్య కాదు అత్తమ్మా అని ఎలా చెప్పాలో తెలియడం లేదు.

ఎవరైనా చేశారా? ఇంట్లో ఏం చేయాలి? ఎంత ఖర్చు?

డల్లాస్_నాన్న

బెజవాడమ్మ గారూ, మేం చేశాం. ఇప్పటికీ కొంత చేస్తూనే ఉన్నాం. పాపకి తొమ్మిదేళ్లు.

ఆర్‌డీఐ అంటే రిలేషన్‌షిప్ డెవలప్‌మెంట్ ఇంటర్వెన్షన్. స్టీవెన్ గట్‌స్టీన్, రషెల్ షీలీ అనే సైకాలజిస్టులు మా పక్క ఊరు హ్యూస్టన్‌లో మొదలుపెట్టారు. (పక్క ఊరంటే నాలుగు గంటల డ్రైవ్, టెక్సాస్‌లో అంతే.) వాళ్లు చెప్పే సంగతి ఇది: రంగు పేరు, అంకె ఎప్పుడూ మారవు. అలాంటివి మన పిల్లలు పట్టేస్తారు. ఎదుటి మనిషి మొహం, గొంతు, ఆలోచన నిమిషానికోలా ఉంటాయి. అక్కడే తడబడతారు. ఆ మారేవాటిని చదువుకోవడం పిల్లలు మామూలుగా అమ్మానాన్నల పక్కన ఉండి, వాళ్లతో పనులు చేస్తూ నేర్చుకుంటారు. ఆటిజం ఉన్న పిల్లల విషయంలో అది చిన్నప్పుడే తెగిపోతుంది కాబట్టి నెమ్మదిగా, మళ్లీ మొదటి నుంచి కట్టుకురావాలంటారు.

కన్సల్టెంట్ పాపతో కూర్చుని ఏమీ చేయరు. మేం ఇంట్లో పాపతో ఏదో పని చేస్తూ చిన్న వీడియో తీసి పంపేవాళ్లం. ఆవిడ దాన్ని ఆపి ఆపి చూపించేవారు. "ఇదిగో, ఇక్కడ పాప మీ వైపు తిరిగింది. మీరు అప్పటికే ఇంకో మాట అనేశారు." నిజంగానే తిరిగింది! మామూలు కంటికి అది అందదు.

మాకు అసలు మార్చింది మాట్లాడే తీరు. మన ఇళ్లలో పిల్లలతో ఏం మాట్లాడతాం? ఇదేంటి, ఏ కలర్, ఇటు చూడు, అంకుల్‌కి హాయ్ చెప్పు, రైమ్ పాడి వినిపించు. అన్నీ ప్రశ్నలు, ఆర్డర్లు. అవి బాగా తగ్గించి, మనకి కనిపించిందీ అనిపించిందీ పైకి అనాలి. "అరె, మూత రావట్లేదే." "అబ్బ, ఈ మామిడికాయ పులుపు!" అనేసి ఊరుకోవాలి. జవాబు అడగకూడదు. ఆ ఊరుకోవడం నాలాంటి వాగుడుకాయకి మహా కష్టం.

ఖర్చంటారా, మా ఇన్సూరెన్స్ ఏబీఏకి (అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్, అలవాట్లని అంచెలంచెలుగా నేర్పే పద్ధతి) ఇచ్చింది, దీనికి ఇవ్వలేదు. చేతి డబ్బే. ఇండియా ఫీజులు నాకు తెలియవు.

లెక్కలమాస్టారు (కరీంనగర్)

అన్నా, మీ అనుభవం మంచిగుంది. కానీ పాప ఎదుగుతూ తనంతట తాను మారి ఉండొచ్చు కదా. పేరు ఇంగ్లీషులో, పొడి అక్షరాల్లో ఉంటే ఫీజు రెట్టింపు అవుతుందని మా ఊళ్లో అందరికీ తెలుసు. దీనికి రుజువులేమున్నాయి? నా కొడుక్కి ఐదేళ్లు. నేనూ వెతుకుతున్నాను, అందుకే అడుగుతున్నా.

స్పెషల్‌టీచర్_సికింద్రాబాద్

మాస్టారూ, సరైన ప్రశ్న వేశారు. నేను స్పెషల్ ఎడ్యుకేటర్‌ని. ఆర్‌డీఐ సర్టిఫికెట్ లేదు, ఆ పేరు మీద ఫీజు తీసుకోను, కాబట్టి నిష్పక్షంగానే చెప్తాను.

ఆర్‌డీఐ అనే ఆ బ్రాండుకి రుజువు పలచనే. గట్‌స్టీన్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో ఉన్నది 16 మంది పిల్లలు. పోల్చి చూడ్డానికి ఈ పద్ధతి తీసుకోని పిల్లల గుంపు లేదు. మీరన్న "తనంతట తాను మారి ఉండొచ్చు" అనే సందేహం అక్కడ తీరదు.

కానీ తల్లిదండ్రులకి నేర్పి వాళ్ల ద్వారా పిల్లలతో పనిచేయడం అన్న ఆలోచన ఆర్‌డీఐ ఒక్కదానిదే కాదు. బ్రిటన్‌లో ప్యాక్ట్ అనే పద్ధతి ఉంది. మాంచెస్టర్‌లోని జొనాథన్ గ్రీన్ బృందం 152 మంది చిన్నపిల్లల్ని చీటీ వేసినట్టు రెండు గుంపులుగా చేసి పరీక్షించింది. ఇందులోనూ వీడియోలే. తల్లి పిల్లాడితో ఆడుతున్న వీడియో చూపిస్తూ, వాడి చిన్న చిన్న సైగల్ని పట్టుకోవడం నేర్పిస్తారు. 2010లో వచ్చిన ఫలితాల్లో తల్లీపిల్లల మధ్య స్పందన బాగా పెరిగింది, ఆటిజం లక్షణాల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. దాదాపు ఆరేళ్ల తర్వాత అదే పిల్లల్ని మళ్లీ చూస్తే లక్షణాల తీవ్రతలో కూడా కొంత తగ్గుదల కనిపించింది. అది 2016లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. మాయమైపోలేదు, తగ్గింది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

మనకి ఇంకా దగ్గరిది పాస్. ప్యాక్ట్‌నే మన దేశాలకి తగ్గట్టు మార్చి గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ 65 మంది పిల్లలతో చేశారు. నేర్పింది డాక్టర్లు కాదు, శిక్షణ ఇచ్చిన మామూలు హెల్త్ వర్కర్లు. ఆరు నెలల్లో 12 సెషన్లు. పెద్దవాళ్లు పిల్లల దారిని పట్టుకోవడం పెరిగింది, పిల్లలు తమంతట తాము పెద్దవాళ్లని పలకరించడం పెరిగింది. అయితే ఇద్దరూ కలిసి ఒకే దాని మీద దృష్టి పెట్టే సమయం తగ్గింది. ఎందుకని పరిశోధకులే తర్జనభర్జన పడ్డారు. ఇలాంటివి కూడా దాచకుండా చెప్పేవాళ్ల దగ్గరే ట్రైనింగ్ తీసుకోండి. "మూడు నెలల్లో నార్మల్ చేస్తాం" అనే బోర్డు కనిపిస్తే రోడ్డు దాటి అవతలికి వెళ్లిపోండి.

లెక్కలమాస్టారు

మస్తు చెప్పిన్రు మేడమ్. ఇప్పుడు లెక్క అర్థమైంది.

నైట్‌షిఫ్ట్ (హైదరాబాద్)

నా మాట చేదుగా ఉంటుంది, క్షమించండి. నేను ఒక్కదాన్నే పాపని పెంచుతున్నాను. రాత్రి ఉద్యోగం, పగలు సెంటర్లు. ఇప్పుడు థెరపీ కూడా నేనే చేయాలా? "పేరెంట్" ట్రైనింగ్ అంటారు, క్లాసులో చూస్తే అందరూ అమ్మలే. పాపలో మార్పు రాకపోతే "ఇంట్లో సరిగ్గా చేయట్లేదు" అని మన మీద తోసేస్తారు. ఒకచోట నన్ను అలాగే అన్నారు, అందరి ముందు. నేను అమ్మగా ఉండాలనుకుంటున్నాను, ఇంట్లో ఇంకో థెరపిస్టుగా కాదు.

స్పెషల్‌టీచర్_సికింద్రాబాద్

మీ కోపం అర్థమైంది. దానికి పాత చరిత్ర కూడా ఉంది. 1940ల్లో లియో కానర్ అనే సైకియాట్రిస్టు ఆటిజం గురించి మొదట రాసిన రోజుల నుంచే తల్లిదండ్రులు చల్లగా, ముభావంగా ఉంటారన్న మాట మొదలైంది. 1960ల్లో బ్రూనో బెటల్‌హైమ్ దాన్ని ఊరూరా ప్రచారం చేశాడు. తల్లికి ప్రేమ లేకే పిల్లాడు ఇలా అయ్యాడని! ఎంతమంది తల్లులు ఆ మాట మోసి ఉంటారో. బెర్నార్డ్ రిమ్‌లాండ్ అనే సైకాలజిస్టు, ఆయన కొడుక్కే ఆటిజం, 1964లో అది తప్పని, ఇది మెదడు ఎదుగుదలకి సంబంధించిందని వాదించాడు. తర్వాతి పరిశోధన అంతా ఆ వైపే నిలబడింది.

కాబట్టి తల్లిదండ్రుల ద్వారా చేయించడం అంటే తల్లిదండ్రుల వల్ల వచ్చిందని కాదు. మిమ్మల్ని అందరి ముందు అలా అన్నవాళ్లకి ఈ తేడా తెలియదు. ఇక సమయం సంగతి. ఇందులో ఏ పద్ధతైనా సరిగ్గా నేర్పితే కొత్తగా గంటలు అడగకూడదు. ఎలాగూ చేసే స్నానం, అన్నం, బట్టలు, వీటిలో ఒక్కదాన్ని కాస్త నెమ్మదిగా చేయమంటుంది. అదీ కుదరని రోజు పాపని పక్కన పడుకోబెట్టుకుని మీరు కూడా నిద్రపోండి.

కూకట్‌పల్లి_కవలలు

మా కవలలు, బాబుకీ పాపకీ ఇద్దరికీ ఏబీఏ చేయించాం. ఇక్కడ చాలామందికి ఆ పేరంటేనే పడదు, తెలుసు. కానీ టాయిలెట్ అలవాటు, ఒకచోట కూర్చుని తినడం, రోడ్డు మీదికి పరుగెత్తకపోవడం, ఇవి దాని వల్లే వచ్చాయి. బంధం సంగతి తర్వాత, ముందు పిల్లాడు లారీ కింద పడకూడదు కదా. ఇదా అదా అని కొట్టుకోవడం నాకు నచ్చదు.

స్పెషల్‌టీచర్_సికింద్రాబాద్

కొట్టుకోవాల్సిన పనే లేదు. రోడ్డు భద్రత లాంటివి అంచెలంచెలుగా నేర్పడమే మంచిది. ఏబీఏకి పేరు తెచ్చింది 1987 నాటి లోవాస్ అధ్యయనం. 19 మంది పిల్లలకి వారానికి 40 గంటలు చేయించి, 9 మంది మామూలు పిల్లల స్థాయికి వచ్చారన్నారు. పిల్లల్ని గుంపులుగా విడదీసిన తీరు మీద, వాడిన శిక్షల మీద ఆ తర్వాత గట్టి విమర్శలు వచ్చాయి. ఇప్పుడు రెండు వైపుల మంచినీ కలిపిన పద్ధతులున్నాయి. సాలీ రోజర్స్, జెరాల్డిన్ డాసన్‌ల డెన్వర్ మోడల్ ఒకటి, కొన్నీ కసారి అనే ఆవిడ తయారుచేసిన జాస్పర్ ఇంకోటి. ఆటలోనే నేర్పుతారు, పిల్లాడి ఇష్టం నుంచే మొదలుపెడతారు. మీ థెరపిస్టుని ఒక్క ప్రశ్న అడిగి చూడండి: మా బాబు నవ్వే సందర్భాలు మీ ప్లాన్‌లో ఎక్కడున్నాయి?

నెల్లూరు_తాతయ్య

అమ్మా, నాకు ఈ పేర్లేవీ నోరు తిరగవు. రిటైరైన మనిషిని. అబ్బాయీ కోడలూ ఉద్యోగాలకి వెళితే ఆరేళ్ల మనవడు పగలంతా నా దగ్గరే. కోడలు ఏదో ఆన్‌లైన్ క్లాసు విని వచ్చి, "మామయ్యా, వాడికి ఏమీ నేర్పొద్దు, మీ పనిలో వాడికో భాగం ఇవ్వండి చాలు" అంది. తమాషాగా అనిపించింది. టీచరుగా చేసినవాణ్ని, నేర్పొద్దంటే ఎట్లా?

ఇప్పుడు మా ఇద్దరి పని దుప్పట్లు మడతపెట్టడం. దుప్పటి ఒక్కడి వల్ల కాదు కదా. చెరో రెండు కొసలు పట్టుకోవాలి, దగ్గరికి రావాలి, ఇచ్చిపుచ్చుకోవాలి. మొదట్లో కొసలు వదిలేసి పోయేవాడు. నేను పిలిచేవాణ్ని కాదు. నా రెండు కొసలూ పట్టుకుని అట్లాగే బొమ్మలా నిలబడేవాణ్ని. కాసేపటికి ఏమైందా అని తొంగి చూసేవాడు. ఇప్పుడు నేను కావాలనే తప్పు కొస అందిస్తే మొహంలోకి చూసి "తాతా!" అని గదమాయిస్తాడు. ఆ గదమాయింపు కోసం రోజూ తప్పు కొస ఇస్తున్నా. ఉతికినవి అయిపోతే మడతపెట్టినవే మళ్లీ విప్పుతున్నాం, మా ఆవిడ తిడుతోంది.

డల్లాస్_నాన్న

తాతయ్య గారూ, మేం డాలర్లు పోసి నేర్చుకున్నది మీరు దుప్పటితో చేసేశారు. ఇద్దరికీ చెరో పాత్ర ఉండడం, రెండోవాళ్లు లేకపోతే పని ఆగిపోవడం, అలవాటయ్యాక కావాలని చిన్న తేడా పెట్టడం. ఆర్‌డీఐలో వరస ఇదే. తేడా ముందే పెడితే బెదిరిపోతారు, అసలు పెట్టకపోతే యంత్రంలా చేస్తారు.

నీలిగోడ (విశాఖ)

నేను ఆటిస్టిక్‌ని, పెద్దయ్యాక తెలిసింది. తల్లిదండ్రుల చర్చలో దూరుతున్నందుకు ఏమనుకోకండి.

"మొహంలోకి చూశాడు" అని అందరూ సంబరపడుతున్నారు. తాతయ్య గారి మనవడు తనంతట తాను చూశాడు, అది వేరే. గడ్డం పట్టుకుని ఇటు తిప్పి "చూడు చూడు" అంటే నాకు ఒళ్లంతా మండినట్టుండేది. చూస్తే వినిపించేది కాదు, వినాలంటే చూడలేకపోయేవాణ్ని. చేతులు ఊపడం, ఊగడం లాంటివి కూడా ఆపకండి, నాకు టెన్షన్ దిగేది వాటితోనే. ఇంకోటి, పిల్లాడు కార్లు వరసగా పెడుతుంటే దాన్ని చెడగొట్టి మన ఆట నేర్పడం బంధం కాదు. పక్కన కూర్చుని మీరు కూడా ఒక వరస పెట్టండి.

డామియన్ మిల్టన్ అనే ఆయన, ఆయనా ఆటిస్టిక్కే, 2012లో ఒక వ్యాసం రాశారు. ఆటిస్టిక్ మనుషులకి మిగతావాళ్లు అర్థం కానట్టే, మిగతావాళ్లకి ఆటిస్టిక్ మనుషులు అర్థం కారు, అగాధం రెండు వైపులా ఉంది అన్నారు. పేరెంట్ ట్రైనింగ్‌లో నాకు నచ్చేది ఆ ఒక్కటే. కనీసం మారమని అడిగేది పెద్దవాళ్లని.

నైట్‌షిఫ్ట్

నీలిగోడ గారూ, ఇలాంటి పోస్టులే ఇక్కడ ఎక్కువ రావాలి. చూస్తే వినిపించదు అన్న ముక్క మా పాప టీచర్‌కి పంపించాను.

నిర్వాహకులు

ఇక్కడ స్టెమ్ సెల్ చికిత్స ప్యాకేజీల గురించి వచ్చిన రెండు పోస్టులు, ఫోన్ నంబర్లతో సహా తీసేశాం. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల ప్రకారం ఆటిజానికి అది ఆమోదం పొందిన చికిత్స కాదు. మళ్లీ పెడితే ఖాతా మూసేస్తాం. చర్చ కొనసాగించండి.

బెజవాడమ్మ

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు, అందరికీ థాంక్స్. తాతయ్య గారి దుప్పటి మొదలుపెట్టాను. మావాడు కొస పట్టుకోడు, దుప్పటి మొత్తం లాక్కుని ముసుగేసుకుని కింద పడుకుంటాడు. నేను ఊరుకుంటే వాడికింకా హాయి. ఎలా?

స్పెషల్‌టీచర్_సికింద్రాబాద్

బరువుగా కప్పుకోవడం వాడి ఒంటికి కావాలేమో, మీ ఓటీ థెరపిస్టుని అడగండి. అప్పటిదాకా దాన్నే ఆట చేసుకోండి. ముసుగేసుకున్నాడా? మీరు ఇంకో దుప్పటి మెల్లగా పైన కప్పి ఆగండి. కదిలాడా, ముసుగు తీశాడా, అప్పుడు "ఓహ్, ఇక్కడున్నావా" అనండి. మళ్లీ కప్పండి. ఫ్లోర్‌టైమ్ అని స్టాన్లీ గ్రీన్‌స్పాన్ అనే పిల్లల సైకియాట్రిస్టు చెప్పిన పద్ధతి సుమారుగా ఇదే. పిల్లాడు ఎక్కడున్నాడో మీరు అక్కడికి దిగాలి. వాడొకటి చేయాలి, మీరు దానికి బదులివ్వాలి, దానికి వాడు మళ్లీ బదులివ్వాలి. అప్పుడు ఒక చుట్టు పూర్తయినట్టు. చుట్లు పెరగడమే మనకి కావాల్సింది. దుప్పటి మడతలు తాతయ్య గారు చూసుకుంటారు.

ఆకలి, నిద్ర, గోల ఉన్నప్పుడు మాత్రం ఏదీ మొదలుపెట్టకండి. మిక్సీ తిరుగుతుంటే అసలు వద్దు.

కూకట్‌పల్లి_కవలలు

ఇంకో చిట్కా. మాది వంటింట్లో కరివేపాకు దూయడం. రెబ్బ నేనందిస్తాను, వాడు దూసి గిన్నెలో వేస్తాడు. నేను అందించడం కాస్త ఆలస్యం చేస్తే చెయ్యి చాపుతాడు. చెల్లికి ఇది పడలేదు, ఆ వాసనకి పారిపోయింది. దానికి స్ప్రే బాటిల్‌తో మొక్కలు తడపడం. ఒకే ఇంట్లో ఇద్దరికీ ఒకటి కుదరదు.

లెక్కలమాస్టారు

ఖర్చు ప్రశ్న అట్లే ఉండిపోయింది. నేను తిరిగి తెలుసుకున్నవి చెప్తా. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో ఉన్న ఎన్ఐఈపీఐడీ మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ. అక్కడ పరీక్షలు, తల్లిదండ్రులకి మార్గదర్శనం ఉంటాయి. ఆరేళ్ల లోపు పిల్లలైతే జిల్లాల్లో డీఈఐసీలు, అంటే ఎదుగుదల సమస్యల్ని తొందరగా పట్టే ప్రభుత్వ కేంద్రాలున్నాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది కాబట్టి యూడీఐడీ (వైకల్యం గుర్తింపు) కార్డు తీసుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య ఇన్సూరెన్స్‌లో ఏడాదికి లక్ష దాకా వస్తుంది. థెరపీ బిల్లులు దాచుకోండి. వైకల్యం సర్టిఫికెట్ ఉండి పాత పద్ధతిలో ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టేవాళ్లకి 80డీడీ సెక్షన్ కింద 75,000 మినహాయింపు, వైకల్యం ఎక్కువుంటే 1,25,000. చానామంది ఇది వదిలేస్తున్నరు.

స్పెషల్‌టీచర్_సికింద్రాబాద్

దానికి ఒకటి కలుపుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల కేర్‌గివర్ స్కిల్స్ ట్రైనింగ్ అనే కోర్సు ఉంది. రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల పెద్దవాళ్లకి. తొమ్మిది గ్రూపు క్లాసులు, మూడుసార్లు ఇంటికి వచ్చి చూడడం. ఆన్‌లైన్‌లో ఎవరికి వారు నేర్చుకునే రూపం కూడా ఉచితంగా దొరుకుతుంది. ఆర్‌డీఐ కన్సల్టెంటుకి కట్టే ముందు అది చూడండి. అందులో పెద్దవాళ్ల మనసు, అలసట గురించి కూడా భాగం ఉంది. నైట్‌షిఫ్ట్ గారికి ప్రత్యేకంగా చెప్తున్నాను.

బెజవాడమ్మ

ఇది రాస్తున్నది బాబు వాళ్ల నాన్న. ఆవిడ చదివి వినిపించింది. నేను ఇంటికొచ్చేసరికి ఎనిమిదవుతుంది. ఫీజుల గురించి అన్నమాట నిజమే, ఇప్పటికీ అంటాను. సెంటర్ మానేయాలా, కొనసాగించాలా? నాకు వంట రాదు, బట్టలు మడతపెట్టడం రాదు. నేనేం చేయాలి?

డల్లాస్_నాన్న

సెంటర్ మానకండి బ్రదర్. కాకపోతే సెషన్ చివర్లో పది నిమిషాలు తలుపు బయట కాకుండా లోపల కూర్చుంటామని అడగండి. ఒప్పుకోకపోతే అప్పుడు ఆలోచించండి.

మీకు రాని పనులు ఎందుకు, వచ్చినవి చేయండి. ఆదివారం బండి కడుగుతారా? బకెట్‌లో గుడ్డ ముంచి పిండి మీరివ్వాలి, తుడిచేది వాడు. రాత్రి గేటుకి తాళం వేస్తారా? తాళం మీరు పట్టుకోండి, తాళంచెవి వాడి చేతికివ్వండి. దాన్ని తిప్పడం రాకపోయినా ఫర్వాలేదు, వాడు ఇచ్చేదాకా గేటుకి తాళం పడదు అంతే. ఇంటికి రాగానే "ఇవాళ ఏం నేర్చుకున్నావ్, చెప్పు" అని మాత్రం అడగొద్దు.

స్పెషల్‌టీచర్_సికింద్రాబాద్

వీలైతే ఆ తాళం పని వీడియో తీయండి, రెండు మూడు నిమిషాలు చాలు. బాబు ఒక్కడే కాదు, మీ మొహం కూడా పడాలి. మర్నాడు ఇద్దరూ కూర్చుని శబ్దం ఆపేసి చూడండి. వాడు మీ వైపు తిరిగిన క్షణాలు అలా తేలిగ్గా దొరుకుతాయి.

బెజవాడమ్మ

మళ్లీ నేనే. ఫోన్ బయటికి తీస్తే మావాడికి ఇంకేమీ కనిపించదు మేడమ్, లాక్కుని యూట్యూబ్ పెట్టుకుంటాడు.

కూకట్‌పల్లి_కవలలు

మా ఇంట్లో పాత ఫోన్ ఉంది, సిమ్ లేదు, నెట్ లేదు. రికార్డింగ్ ఆన్ చేసి, స్క్రీన్ గోడ వైపు తిప్పి, అటక మీద పప్పుడబ్బాల మధ్య పెడతాను. ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు, మా ఆయనతో సహా.